బెత్తెడు వేడి

మొన్న మా తెలుగు సంఘం వాళ్ళు పిల్లలకి కంప్యూటర్ తరగతులు మొదలుపెడుతూ నన్ను పిలిచారు. రిబ్బను కత్తిరించడానికి వేరే పెద్దమనిషి ఉన్నాడు. నన్ను పిలిచింది అనుభవం మీద రెండు మాటలు చెప్పడానికట. నేను గొంతు సవరించుకునే లోపే కార్యదర్శి గడియారం చూపించాడు. అసలు సంగతికి రాకుండానే నమస్కారం పెట్టి దిగిపోయాను. దిగుతుంటే ముందు వరసలోని ఒక అమ్మాయి హిందీలో అడిగింది, "అంకుల్, నేను నర్సు ట్రైనింగుకి వెళ్తాను, కంప్యూటర్ ఉద్యోగం చెయ్యను. నాకెందుకు ఈ ప్రోగ్రామింగు?" అని.

అంత మంచి ప్రశ్నకి నేను చెప్పిన జవాబు "పనికొస్తుందమ్మా" అని. ఇంటికొచ్చాక నా మీద నాకే ఒళ్ళు మండింది. అందుకే ఇది రాస్తున్నాను. అమ్మాయీ, నీకు తెలుగు చదవడం వచ్చో రాదో నాకు తెలియదు. రాకపోతే మీ అమ్మచేత చదివించుకో.

ముందే చెప్పేస్తున్నాను, నేను ఎప్పుడూ కంప్యూటర్ ఉద్యోగం చెయ్యలేదు. నేను ఇనుము కోసినవాణ్ణి. ఎనభైల్లో ఈ జంషెడ్‌పూర్‌లోనే ఒక రోలింగ్ మిల్లులో పనిచేశాను. ఊరి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే ఆ పెద్ద కార్ఖానా కాదు, చిన్న మిల్లు. ఎర్రగా కాలిన ఇనప దిమ్మ రోలర్ల మధ్య నలిగి, సాగి సాగి, పొడుగాటి బారై మా ముందుకొచ్చేది. దాన్ని కొనేవాళ్ళు అడిగిన పొడవుల్లో ముక్కలు చెయ్యాలి. కోసే మిషన్ని షియర్ అంటారు, పెద్ద కత్తెర అనుకోండి. షియర్ దగ్గర ప్రతి షిఫ్టుకీ ఇద్దరుండేవాళ్ళు. మా షిఫ్టులో ఒకణ్ణి నేను, రెండో ఆయన మావ.

నాది లెక్క. ఈ బారు ఇంత పొడవొచ్చింది, ఇందులో ఏ పొడవు ముక్కలు ఎన్ని తీస్తే చివర పనికిరాకుండా మిగిలే టుక్డా చిన్నదవుతుంది అని మనసులోనే చూసుకుని కేకేసేవాణ్ణి. మావ నా కేక విని స్టాపు జరిపేవాడు. స్టాపు అంటే బారు కొస వచ్చి తగిలి ఆగే ఇనప అడ్డు. అది ఎంత దూరంలో ఉంటే ముక్క అంత పొడవు తెగుతుంది. స్టాపు జరిపాక లీవరు లాగేవాడు. బారు తెగేది.

మావ అంటే చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరిదీ శ్రీకాకుళం వైపు. ఆయన నాకన్నా చాలా ముందే కాంట్రాక్టు కూలీగా వచ్చి మిల్లులో పర్మనెంటు అయ్యాడు. బాగ్‌బేరాలో మా ఇంటికి రెండు సందుల అవతల ఉండేవాడు. నేను మావా అనేవాణ్ణి, ఆయన అల్లుడూ అనేవాడు. ఆయనకి ఆడపిల్లలు లేరు. ఉన్నా నీకిచ్చేవాణ్ణి కాదని నా పెళ్ళాం ముందే అనేవాడు. ఆవిడ పడీపడీ నవ్వేది.

ఇక్కడ మా పనిలో ఒక చిన్న పద్ధతి చెప్పాలి. కాలిన ఇనుము చల్లారితే కాస్త కుంచించుకుపోతుంది. అందుకని స్టాపుని అడిగిన పొడవు దగ్గరే పెడితే ముక్క చల్లారాక పొట్టిదైపోతుంది. కొంచెం ఎక్కువ వదలాలి. ఎంతంటే, పొడవు ముక్కకి బెత్తెడు. మావ నాలుగు వేళ్ళు కలిపి స్టాపు పక్కనున్న స్కేలు మీద ఆనించి, ఆ మేరకి స్టాపుని వెనక్కి జరిపేవాడు. బారు తెల్లగా మండుతూ వస్తే వేళ్ళు కాస్త వదులుగా పెట్టేవాడు. రంగు దిగి ముదురు ఎరుపులో వస్తే బిగించేవాడు. ముక్క పొట్టిదైతే ఆ లెక్కనే తగ్గించేవాడు. మా వైపు వదలడాన్ని ఒగ్గడం అంటారు. "బెత్తెడు ఒగ్గినావా మావా" అని నేను ఏనాడూ అడగలేదు, ఆయన ఏనాడూ చెప్పలేదు. నా కేకలో ఆ బెత్తెడు ఉండేది కాదు.

అలా హాయిగా నడుస్తుండగా కంప్యూటర్ వచ్చింది. చిన్న టీవీ లాంటి తెర, టైపు మిషన్ లాంటి మీటలు, ప్రోగ్రాం ఎక్కించడానికి పాటలు వినే టేపు రికార్డరు. షియర్ పక్కనే దానికి అద్దాల గది కట్టారు. కూలర్ పెట్టారు. బయట బూట్లు విప్పి లోపలికి వెళ్ళాలని బోర్డు పెట్టారు. మిల్లు మొత్తానికి చల్లటి చోటు అదొక్కటే. ఏదో ఒక పని కల్పించుకుని అందరూ అందులోకి దూరేవాళ్ళు. గుమ్మం ముందు సేఫ్టీ బూట్ల వరస చూసి, లోపల ఏదో పూజ జరుగుతోందనుకుని కొత్తగా వచ్చినవాడొకడు దణ్ణం కూడా పెట్టాడు.

మా మేనేజరు బెంగాలీ. ఎంత చేదు కబురైనా చాలా మెత్తగా చెప్పేవాడు. అందుకే ఆయన గొంతు తగ్గించాడంటే మాకు దడ పుట్టేది. ఒక మధ్యాహ్నం మా ఇద్దర్నీ పిలిచి బాగా గొంతు తగ్గించి చెప్పాడు. విశ్వకర్మ పూజ అయ్యాక కంప్యూటర్‌తో ట్రయల్ ఉంటుంది. బారుని ముక్కలుగా భాగించే లెక్క అది చూసుకుంటుంది. ఇక షియర్ దగ్గర ఒక్క మనిషి చాలు. ఆ మనిషికి కంప్యూటర్ కొంత తెలియాలి, షిఫ్టంతా లీవరు దగ్గర నిలబడగలగాలి. రెండో మనిషి యార్డుకి వెళ్ళాలి. మీ ఇద్దరిలో ఎవరికీ కంప్యూటర్ రాకపోతే పై ఆఫీసు నుంచి మనిషిని వేస్తారు, అప్పుడు ఇద్దరూ యార్డుకే.

మావ మోకాలి వంక ఆయన చూడలేదు. నేను చూశాను. ఎప్పుడో దెబ్బతిన్న మోకాలు అది. లీవరు పక్కన ఇనప స్టూలు వేసుకుని, బారుకీ బారుకీ మధ్య కూలబడి లేస్తూ నెట్టుకొస్తున్నాడు. యార్డు అంటే నెత్తిన కప్పు లేని చోటు. ఈ ఊరి మే నెల ఎండలో రోజంతా బార్లు ఏరి, కట్టలు కట్టి, లారీలకెక్కించడం. ఆ కాలితో ఆయన అక్కడ ఒక్క వేసవి కూడా గడపలేడని నాకు తెలుసు, మేనేజరుకీ తెలుసు. రిటైరయ్యే దాకా నీడ పట్టున ఉండాలన్నది మావ కోరిక. అంతకన్నా పెద్ద కోరికేమీ ఆయనకి ఉన్నట్టు నేనెరగను.

అంటే నేను కంప్యూటర్ నేర్చుకున్న రోజున మావని నా చేత్తో నేనే ఎండలోకి తోసినట్టు. నేను నేర్చుకోను పొమ్మన్నాను. ఇంట్లో పెద్ద వీరుడిలా ప్రకటించాను. మా ఆవిడ వెళ్ళి మావకి చెప్పొచ్చింది. ఆయన ఆ సాయంత్రమే కుంటుకుంటూ వచ్చాడు.

"నువ్వు నేర్సుకోకపోతే నన్ను కుర్సీ ఏసి కూకోబెడతారేటి? ఇద్దరం యార్డుకే ఎల్తాం. ఒకడైనా నీడని ఉండాల. బేగెల్లి పేరు రాయించుకో," అన్నాడు. ఉప్మా తిని, ఉప్పు తక్కువైందని మా ఆవిడకి చెప్పి వెళ్ళిపోయాడు. మర్నాడే వెళ్ళి తెలుగు సంఘంలో కంప్యూటర్ పాఠాలకి పేరు రాయించుకున్నాను.

నేర్పే మనిషి ఒక మేడమ్. పర్లాకిమిడి దగ్గర ఊరు, మాటల మధ్యలో ఒడియా దొర్లేది. ఏదో ఆఫీసులో కంప్యూటర్ సెక్షన్లో పనిచేసేది. ఊరి అవతలి కొసనున్న సోనారి నుంచి భర్త స్కూటర్ మీద దింపితే, ఆదివారం పొద్దున తెలుగు సంఘం హాల్లో ఉచితంగా చెప్పేది. హాల్లో కంప్యూటర్ లేదు. సుద్దముక్కతో నేల మీద గళ్ళు గీసి, గడికో పేరు పెట్టి, అందులో అంకె రాసి, తుడిచి, ఇంకో అంకె రాసి చూపించేది. మిషన్ లోపల జరిగేదంతా ఇదేనండీ అనేది. మేం రాసిన కాగితాలు తీసుకెళ్ళి వాళ్ళ ఆఫీసు మిషన్ మీద వేసి, పైవారం తప్పులు చెప్పేది. కంప్యూటర్ ముట్టుకోకుండా కంప్యూటర్ నేర్చుకున్నామంటే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. నవ్వండి. నేల మీద నేర్చుకున్నది నాకు ఇప్పటికీ పోలేదు.

మొదటి రోజున ఆవిడ ఒక ఆట ఆడించింది. "నేను మిషన్ని. మీరు చెప్పింది చేస్తాను, చెప్పనిది చెయ్యను. ఈ హాల్లోంచి మీ ఇంటికి నన్ను నడిపించండి," అంది. ఇదెంత పని అనుకుని బయల్దేరదీశాను. కుడికి తిరగండి, నేరుగా నడవండి, రైలు పట్టాలు దాటండి, ఎడమ సందులోకి రండి అన్నాను. బాగ్‌బేరాలో రైలు యార్డు పట్టాల మీంచే అందరం అడ్డంగా దాటేవాళ్ళం. ఆవిడ నన్ను ఆపి నవ్వింది.

"మీ ఇంటికి రాలేదండీ నేను. రైలు కింద పడ్డాను. బండి వస్తోందేమో చూడమని చెప్పలేదుగా మీరు?"

అది చెప్పాలా, ఎవడైనా చూసే దాటతాడు కదా అన్నాను. మిషన్ ఎవడూ కాదు, దానికి చెప్పాలి అంది. హాలంతా గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నాకు పాఠం అర్థమైందనే అనుకున్నాను.

నెమ్మదిగా చెయ్యి తిరిగింది. ఇది ఇలా ఉంటే అది చెయ్యి, లేకపోతే వెనక్కెళ్ళి మళ్ళీ మొదలుపెట్టు, ఇందాకటి టుక్డా కన్నా ఇది చిన్నదైతే ఇదే గుర్తుపెట్టుకో. రోజూ నా బుర్రలో జరిగేది ఇదే కదా అని తెలిసేసరికి భలే సరదా వేసింది. ఇన్నేళ్ళూ నా లెక్క ఏదో నాకే పుట్టిన విద్య అనుకునేవాణ్ణి. విడదీసి చూస్తే చిన్న చిన్న మెట్లే. ముక్కల ప్రోగ్రాం నేనే రాశాను. మేడమ్ రెండు మూడు చోట్ల దిద్ది, వాళ్ళ మిషన్ మీద వేసి, కాగితం మీద జవాబులు తెచ్చింది. నా నోటి లెక్కకి మిగిలిన టుక్డాల కన్నా దాని టుక్డాలు చిన్నవిగా ఉన్నాయి. నా ప్రోగ్రాం నన్నే ఓడించేసింది! కొంచెం కోపం, చాలా సంతోషం, రెండూ కలిసి వచ్చాయి. దారంతా సైకిల్ మీద పాడుకుంటూ ఇంటికొచ్చాను.

మావకి చూపించబోతే, "ఆ పెట్టి జోలికి నన్నీడ్సకు," అన్నాడు. కానీ క్యాంటీన్లో అందరికీ మా అల్లుడు మిషన్‌కి చదువు చెబుతున్నాడని చెప్పుకునేవాడట. ఇవతల నేనేమో, ట్రయల్ బాగా జరిగితే మేనేజరు మనసు మెత్తబడి, మావని ఏ స్టోరు గదిలోనో కూర్చోబెడతాడని ఆశపడుతున్నాను. అలాగని ఆయనేమీ మాటివ్వలేదు. ఆశ పడడానికి మాటెందుకు?

విశ్వకర్మ పూజకి షియర్‌కీ, రోలర్లకీ బొట్లు పెట్టినట్టే కంప్యూటర్ తెరకీ కుంకుమ పెట్టారు. అద్దాల గదిలో కొబ్బరికాయ కొట్టబోతే పై ఆఫీసు ఇంజనీరు పరుగెత్తుకొచ్చి ఆపాడు. ఆ తర్వాత రెండు రోజులకి ట్రయల్.

ఆ రోజు మావ ఇస్త్రీ ఖాకీ వేసుకొచ్చాడు. మిల్లులో ఇస్త్రీ బట్టలేమిటని అందరూ వేళాకోళం చేశారు. పెద్దమనుషులొచ్చే రోజు కదా అన్నాడు. ట్రయల్ వరకూ లీవరు దగ్గర మావే, నేను బూట్లు విప్పి అద్దాల గదిలో కూర్చున్నాను. వెనకాల మేనేజరు, ఇంజనీరు. టేపు కీచుమని అరిచి ప్రోగ్రాం ఎక్కింది. మొదటి బారు వచ్చింది. దాని పొడవు కొట్టాను, తెర మీద ముక్కల వరస వచ్చింది, కిటికీలోంచి కేకేశాను. మావ స్టాపు జరిపాడు. లీవరు లాగాడు. చివరికి మిగిలిన టుక్డా చూసి ఇంజనీరు నా భుజం తట్టాడు. తర్వాతి బారూ అంతే, ఆ పై బారూ అంతే. మేనేజరు క్యాంటీన్ నుంచి టీ తెప్పించాడు. నాకు కడుపు నిండిపోయింది.

టీ గ్లాసులు ఖాళీ అయ్యాయి. కాసేపటికి, బార్లు చల్లారే చోట టేపు పెట్టి కొలిచే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఏ ముఖంతో చెప్పాలో తెలియనట్టు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ముక్కలన్నీ పొట్టివన్నాడు. ఒకటీ రెండూ కాదు, పొద్దున్నించీ కోసినవన్నీ.

అందరం వెళ్ళి చూశాం. నిజమే. కొలిచిన ప్రతి ముక్కా అడిగిన పొడవుకి తక్కువే. ప్రోగ్రాం తప్పా? కాగితం మీద వందసార్లు చూసుకున్నాను కదా! మేనేజరు గొంతు తగ్గించి, స్టాపు ఎవరు పెట్టారని అడిగాడు. మావ ముందుకొచ్చాడు. అల్లుడు ఎంతని కేకేస్తే అంతకే పెట్టానన్నాడు హిందీలో. వెంట్రుకవాసి అటూ ఇటూ కాలేదన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు.

"మావా, బెత్తెడు ఒగ్గలేదేటి?"

ఆయన నా వంక అదోలా చూశాడు. "నువ్వు దాన్లో ఎట్టీసుంటావనుకున్నాను అల్లుడూ. నీ లెక్కలో నాను సెయ్యెట్టి పాడుసెయ్యకూడదని ఊరుకున్నాను," అన్నాడు.

నేనేమో ఎప్పట్లాగే ఆయన చెయ్యి చూసుకుంటుందని వదిలేశాను. అసలు వదిలేశానని కూడా అనలేను, నాకు తట్టనే లేదు. ఆయనేమో, చదువు నేర్చుకున్న అల్లుడు అన్నీ ఆలోచించే రాసుంటాడని, జన్మలో మొదటిసారి తన నాలుగు వేళ్ళూ జేబులో పెట్టేసుకున్నాడు. నా పరువు పోకూడదని ఇస్త్రీ ఖాకీ వేసుకొచ్చిన మనిషి. సిగ్గుతోనో, ఆయన మీద ప్రేమతోనో నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హాల్లో మేడమ్ నవ్వు గుర్తొచ్చింది. రైలు వస్తోందో లేదో చూడమని నేను మళ్ళీ చెప్పలేదు.

ఇంజనీరు మంచివాడే. మెల్లిగా సర్దిచెప్పబోయాడు, ఆపరేటరు పొరపాటు కింద రాసేద్దాం, ఇంకో రోజు చూద్దాం అని. ఆపరేటరు అంటే మావ. అలా రాస్తే ఆయన మర్నాడే యార్డులో ఉంటాడు. నాకు ఎక్కడలేని తెగువ వచ్చింది. పొరపాటు ప్రోగ్రాందేనని, ఈ షిఫ్టులోనే సరిచేస్తానని అన్నాను. మేనేజరు గడియారం చూసుకుని, ఠీక్ హై అన్నాడు. చాలా మెత్తగా అన్నాడు.

కూర్చుని ఆ లైను ఎక్కడ పెట్టాలో చూసుకున్నాను. చోటు తెలుసు, ప్రతి ముక్కకీ దాని పొడవుని బట్టి ఇంత కలుపు అని చెప్పాలి. ఎంత అన్నది మావ చెప్పాలి. కిటికీలోంచి ఆయన్ని అడిగాను, బెత్తెడంటే ఎంత వెయ్యమంటావని.

"బారు సూడకుండా ఎలగ సెప్పమంతావు?" అన్నాడు.

విసుక్కోబోయి ఆగిపోయాను. ఆయన చెప్పింది సరిగ్గా నిజం. నాలుగు వేళ్ళని ఒక అంకె చేసి ప్రోగ్రాంలో పాతిపెడితే తెల్ల బారుకీ ఎర్ర బారుకీ ఒకటే వదులుతుంది, మళ్ళీ సగం ముక్కలు తప్పుతాయి. రంగు చూడడానికి ఆ మిషన్‌కి కళ్ళు లేవు. కళ్ళు లేనివాడు దారి దాటాలంటే ఏం చేస్తాడు? పక్కవాణ్ణి అడుగుతాడు. అడగడం ఎలాగో మేడమ్ నేర్పింది. ఒక చిన్న లైను. ఆ లైను దగ్గరికి రాగానే మిషన్ ఆగి, తెర మీద ఒక ప్రశ్నార్థకం వేసి, మనం అంకె కొట్టేదాకా అలాగే కూర్చుంటుంది. ఆ లైను రాసి, ఆ అంకెకి బెత్త అని తెలిసేలా బి అని పేరు పెట్టాను.

కొత్త బారు వచ్చింది. పొడవు కొట్టాను. ప్రశ్నార్థకం వచ్చి ఆగింది. పాడైపోయిందా అని మేనేజరు కంగారుపడ్డాడు. లేదు సార్, అడుగుతోంది అన్నాను. ఎవర్ని అన్నాడు. నేను కిటికీలోంచి మావని పిలిచాను.

ఆయన రాననలేదు. స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా బూట్లు విప్పుకున్నాడు. మేజోడుకి బొటనవేలి దగ్గర పెద్ద చిల్లు. పెద్దమనుషుల ముందు ఆ వేలు దాచుకుంటూ లోపలికొచ్చి, అద్దంలోంచి బారు రంగు చూసి, నాలుగు వేళ్ళు కలిపి నా ముందు పెట్టాడు. ఇన్‌స్పెక్టరు తన టేపుతో ఆ వేళ్ళ వెడల్పు కొలిచి అంకె చెప్పాడు. ఇంజనీరు నవ్వాపుకోలేకపోయాడు. మావ మాత్రం నవ్వలేదు. చూపుడు వేలితో ఒక్కో అంకే వెతికి, గట్టిగా నొక్కాడు. తెర మీద ముక్కల వరస వచ్చింది. ఈసారి స్టాపు నేను పెట్టాను, లీవరు నేనే లాగాను.

ఆ ముక్కలు చల్లారేదాకా అందరం అక్కడే కాచుకున్నాం. మావ అద్దాల గదిలోనే కూర్చున్నాడు, లెమ్మని ఎవరూ అనలేదు. ఇన్‌స్పెక్టరు కొలిచి, దూరం నుంచే బొటనవేలు పైకెత్తి చూపించాడు.

మేనేజరు కాసేపు తెర వంక చూశాడు, కాసేపు మావ వంక. లీవరు దగ్గర షిఫ్టంతా నిలబడగలవా అని నన్ను అడిగాడు. నిలబడతానన్నాను. మరి ఈయన యార్డుకి ఎలా వెళ్తాడు, మిషన్ ఈయన్నే అడుగుతోంది కదా, ఇద్దరూ ఉండాల్సిందే అన్నాడు. ఆయన మెత్తగా చెప్పిన మంచి కబురు నాకు తెలిసి అదొక్కటే.

అలా ఆదివారాలన్నీ నేల మీద సుద్దముక్కతో కుస్తీ పట్టినవాణ్ణి నేను, కుర్చీ దొరికింది మావకి. కూలర్ కూడా ఆయనకే. నేను లీవరు దగ్గర చెమటలు కక్కుతుంటే, కిటికీలోంచి "అల్లుడూ, నిద్రపోతన్నావేటి" అని కేకలు. పెట్టె జోలికి రానన్న మనిషి కొన్నాళ్ళకి ప్రతి లైనూ ఏమిటని నన్ను పీకడం మొదలుపెట్టాడు. చెప్పాను. ప్రోగ్రాం మొదలైనప్పుడు తెర మీద నమస్తే అని రావాలన్నాడు. అదెందుకయ్యా అంటే, పొద్దున్నే పనిలోకొచ్చినోడు పలకరించక్కర్లేదేటి అన్నాడు. ఆ లైను ఎలా రాయాలో చూపించి, ఆయనచేతే కొట్టించాను. తన పేరు తప్ప ఇంగ్లీషులో ఏమీ రాయని మావ రాసిన ప్రోగ్రాం అది. చూడమని మూడు షిఫ్టుల వాళ్ళనీ పిలిచాడు. వాళ్ళూ బూట్లు విప్పుకుని వరసగా వచ్చి చూసిపోయారు.

ఇప్పుడు నీ సంగతి, అమ్మాయీ. రేపు నువ్వు వార్డులో పనిచేస్తావు. కొన్నాళ్ళకి నీ చేతికి, నీ కంటికి కొన్ని తెలుస్తాయి. తెలిసినట్టు నీకే తెలియదు. అప్పుడు ఎవరో ఒక మిషన్ తెచ్చి నీ పక్కన పెడతారు. దాన్ని తయారుచేసినవాళ్ళు తెలివైనవాళ్ళే అయ్యుంటారు, కానీ నీ వార్డులో నిలబడి ఉండరు. ఆ రోజు నువ్వు మావలా మర్యాదకి ఊరుకోకూడదు. ఇక్కడ ఇది ఆగాలి, ఇక్కడ నన్ను అడగాలి అని చెప్పగలగాలి. అలా చెప్పాలంటే అది ఎలా నడుస్తుందో, ఏ చోట ఏం దాచుకుంటుందో నీకు కొంచెం తెలిసుండాలి. ఆ కొంచెం చాలు. దానికోసం నువ్వు ప్రోగ్రామరువి కానక్కర్లేదు, నేను కాలేదు. నర్సువే అవ్వు. ఆదివారాలు మాత్రం హాలుకి రా.

మావ రిటైరైంది కూడా ఆ కుర్చీలోంచే. ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్లో దండ వేశారు, గోడ గడియారం ఇచ్చారు, మేనేజరు నాలుగు మాటలు మాట్లాడాడు. ఇంటికి పోవచ్చన్నా పోలేదు. మెడలో దండతోనే అద్దాల గదిలోకొచ్చి, షిఫ్టు అయ్యేదాకా కూర్చున్నాడు. చివరి బారుకి అంకె కొట్టాడు. ముక్కలు తెగాయి. ఆయన లేచి, స్టూలు మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. ఈలోగా పై షిఫ్టు మొదటి బారు రోలర్లలోంచి బయటికొచ్చింది. ఆ షిఫ్టులో కుర్చీ మనిషి ఇంకా రాలేదు. లీవరు దగ్గరికి వచ్చినవాడే చొరవగా లోపలికెళ్ళి బారు పొడవు కొట్టి, మళ్ళీ లీవరు దగ్గరికి పరుగెత్తాడు. తెర మీద ప్రశ్నార్థకం వచ్చి నిలబడింది.

మావ కిటికీలోంచి దాన్ని చూసి, నా వైపు తిరిగాడు.

"అల్లుడూ, అడుగుతంది. బారు సూసి సెప్పు," అన్నాడు.

నేను బూట్లు విప్పి లోపలికెళ్ళాను. బారు బాగా తెల్లగా వచ్చింది. నాలుగు వేళ్ళు కలిపి చూసుకున్నాను. నా బెత్త ఆయన బెత్త కన్నా కాస్త చిన్నది. ఆ తేడా కూడా కలిపి అంకె కొట్టాను.